బడికి వైఫై వచ్చింది, ఇప్పుడు ఏ రూల్స్ పెట్టాలి?

టీచరు గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది పర్లాకిమిడి దగ్గర హైస్కూలు. ఈ ఏడాదే ఇన్‌చార్జి హెచ్ఎం అయ్యారు. పది కంప్యూటర్లు, ఒక స్మార్ట్ బోర్డు, వైఫై వచ్చాయి. బడి కమిటీలో సగం మంది "నెట్ పెడితే పిల్లలు పాడైపోతారు, ఆ గదికి తాళం వెయ్యండి" అంటున్నారు. మిగతా సగం "కాలం మారింది, ఫోన్లు కూడా తెచ్చుకోనివ్వండి" అంటున్నారు. ఎవరి మాట వినాలి, ఏ రూల్స్ పెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ల్యాబ్‌కి తాళం వెయ్యకండి. పిల్లల సొంత ఫోన్లు క్లాసులోకి రానివ్వకండి. మొట్టమొదటి రూలు మాత్రం పిల్లలకి కాదు, టీచర్లకి రాయండి. వీటన్నిటికంటే ముందు, నెట్‌లో చిక్కుకున్న పిల్ల భయపడకుండా వచ్చి చెప్పుకోగలిగే మనిషి ఒకరు బడిలో ఉండాలి. ఆ మనిషి లేకపోతే ఎన్ని రూల్స్ అంటించినా అవి గోడ మీదే ఉండిపోతాయి.

నేను ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను. గుణుపురంలో కొన్నాళ్ళు, రాయగడ వైపు కొన్నాళ్ళు, చివరి తొమ్మిదేళ్ళూ మీ గజపతి జిల్లాలోనే. ఆ తొమ్మిదేళ్ళూ కంప్యూటర్ ల్యాబ్ కూడా నా మీదే ఉండేది. అక్కడ నేను చేసింది, చూసింది రాస్తున్నాను.

టీచర్ల రూలు ముందు ఎందుకన్నానో వినండి. ఇది నా చేతి మీదుగా జరిగిన తప్పు. ఒక ఏడాది వార్షికోత్సవంలో డ్యాన్సు వేసిన పిల్లల ఫోటోలు తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చూసి మురిసిపోతారని కింద పేరు, తరగతి కూడా రాశాను. ఆ గ్రూపులో రెండు వందల పైచిలుకు నంబర్లున్నాయి. వాటిలో ఎన్ని నిజంగా తల్లిదండ్రులవో, ఎన్ని మేనమామలవో, ఎన్ని పక్కింటి కుర్రాళ్ళవో నేనెప్పుడూ చూడలేదు.

కొన్నాళ్ళకి, సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. బ్యాగు భుజానే ఉంది. చేతిలో పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. "సార్, నెట్‌లో ఎవరిదైనా ఫోటో ఉంటే తీసెయ్యడం అవుతుందా?" అని అడిగింది. ఎవరిదమ్మా అన్నాను. "మా ఫ్రెండుది" అంది. నేనింకేమీ తవ్వలేదు. కుర్చీ జరిపి కూర్చోబెట్టి, దొంగ అకౌంట్ మీద ఎలా రిపోర్టు కొట్టాలో ఒక్కో మెట్టూ చూపించాను. ఒకచోట "ఎవరిలా నటిస్తున్నారు?" అని అడుగుతుంది. "నాలా" అని ఒకటుంటుంది, "నా స్నేహితుల్లో ఒకరిలా" అని ఇంకొకటుంటుంది. ఆ పిల్ల వేలు "నాలా" మీదకి వెళ్ళింది. అప్పుడు ఏడ్చింది.

ఆ సంగతి పదకొండు రోజులుగా తనకి తెలుసట. ఇంట్లో చెప్తే బడి మాన్పిస్తారు, బడిలో చెప్తే అసెంబ్లీలో నిలబెడతారు అనుకుంది. దొంగ అకౌంట్‌లో ఉన్నది నేను తీసిన ఫోటోయే. రెండు రోజుల్లో ఆ అకౌంట్ పోయింది. ఆ పదకొండు రోజులు మాత్రం నా మనసులోంచి పోలేదు.

అందుకే మీ స్టాఫ్ మీటింగులో మొదట ఇవి తేల్చండి. పిల్లల ఫోటో బయటికి పెట్టాలంటే అడ్మిషన్ అప్పుడే తల్లిదండ్రుల సంతకంతో అనుమతి తీసుకోవాలి. ఫోటో పెడితే పేరు పెట్టకూడదు, పేరు పెడితే ఫోటో పెట్టకూడదు. గ్రూపులో మెసేజీలు అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగు మార్చాలి. ఏటా జూన్‌లో నంబర్లన్నీ సరిచూసి, ఎవరివో తెలియనివి తీసెయ్యాలి.

ఇంకొకటి మన దగ్గర మరీ ఎక్కువ. స్కాలర్‌షిప్ అనో, ఐడీ అనో, "పిల్లల ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి" అని అడగడం. దయచేసి ఇది ఇవాళే ఆపించండి. కావాలంటే జిరాక్స్ తెమ్మనండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళందరూ పిల్లలే, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి ఉండాలన్నది ఆ చట్టంలో మూలసూత్రం. బడులకి కొన్ని పనుల్లో సడలింపులు ఉండొచ్చు గాక, రెండు వందల మంది చూసే చోట పిల్ల ఆధార్ పెట్టడానికి ఏ సడలింపూ సాకు కాదు.

టీచరు ఎవరైనా సరే పిల్లలకి విడిగా, రాత్రిపూట మెసేజ్ పెట్టకూడదు. హోంవర్కైనా, డౌటైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే, రాత్రి ఏడు లోపే. మా స్టాఫ్‌లో కొందరు దీనికి నొచ్చుకున్నారు, "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అన్నారు. అనుమానం కాదు, రూలు అందరికీ ఒకటే అయితే రేపు ఎవరి మీదా వేలు చూపించే పని ఉండదు అని చెప్పాను. క్లాసులో టీచరు ఫోను కూడా సైలెంటులో, టేబుల్ సొరుగులో ఉండాలి. పాఠం మధ్యలో మనం స్క్రీన్ జరుపుతూ పిల్లల్ని ఫోను ముట్టుకోవద్దంటే వాళ్ళు వినరు.

ఇక పిల్లల ఫోన్లు. నేను వద్దనడానికి కారణం చదువే. 2023లో యునెస్కో విద్యలో సాంకేతికత మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ఫోను వైపు ఒకసారి మనసు మళ్ళితే తిరిగి పాఠం మీదకి రావడానికి ఇరవై నిమిషాల దాకా పట్టొచ్చని అందులో ఉంది. మన పీరియడ్ నలభై నిమిషాలు. ఒక్క మెసేజ్ వస్తే సగం పీరియడ్ పోయినట్టే.

కానీ దూరం నుంచి ఆటోల్లో, బస్సుల్లో వచ్చే పిల్లలుంటారు. చీకటి పడితే ఇంటికి ఫోను చెయ్యాలి. వాళ్ళకి పూర్తిగా వద్దంటే దొంగతనంగా తెస్తారు. మేము ఊళ్ళో దర్జీ చేత మందపాటి గుడ్డతో ముప్పై జేబులున్న పొడవాటి సంచి కుట్టించి ఆఫీసు గదిలో తగిలించాం. జేబుకో నంబరు. ఉదయం పెట్టి చీటీ తీసుకుంటారు, సాయంత్రం చీటీ ఇచ్చి తీసుకెళ్తారు. నాలుగైదు వందల ఖర్చుతో ఏళ్ళ తరబడి పనిచేసింది.

దీంట్లో ఒక గీత గట్టిగా గీయండి. దాచి తెచ్చిన ఫోను పట్టుకుంటే సాయంత్రం దాకా ఉంచండి, పెద్దవాళ్ళని పిలవండి. లాక్ తీయించి లోపల చూడకండి, పగలగొట్టకండి. వేరే బడిలో ఒక మాష్టారు అసెంబ్లీ ముందు ఫోను నేలకేసి కొట్టడం నేను కళ్ళారా చూశాను. ఆ కుర్రాడి తండ్రి సూరత్‌లో మగ్గం మీద పనిచేస్తాడు. వారానికోసారి కొడుకుతో మాట్లాడేది ఆ ఫోనులోనే. ఆ పిల్లాడు మళ్ళీ ఏ టీచరుకీ ఏ మాటా చెప్పి ఉండడు.

ల్యాబ్ సంగతికొస్తే, చెయ్యాల్సింది మీరనుకున్నంత కష్టం కాదు. ఒక మధ్యాహ్నం చాలు.

ముందు కంప్యూటర్లను గోడ వారగా పెట్టి తెరలన్నీ గది మధ్యలోకి తిప్పండి. మీరు మధ్యలో నిలబడితే పదీ కనపడాలి. ఏ సాఫ్ట్‌వేర్ కంటే కూడా ఇది ఎక్కువ పనిచేస్తుంది. తర్వాత రౌటర్ (వైఫై ఇచ్చే పెట్టె) పాస్‌వర్డ్ మార్చండి, కొన్నప్పుడు ఉన్న పాస్‌వర్డ్ తేలిగ్గా బయటికి తెలిసిపోతుంది. అదే సెట్టింగుల్లో డీఎన్ఎస్ అని ఉంటుంది, సైటు పేరు కొడితే దాని అడ్రసు వెతికిపెట్టేది అదే. అక్కడ 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 అని వేయండి. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ కుటుంబాల కోసం ఉచితంగా ఇస్తున్న సదుపాయం అది. అశ్లీల సైట్లను, వైరస్ సైట్లను చాలావరకు తెరుచుకోనివ్వదు. వైఫై వాడే ప్రతి యంత్రానికీ ఒకేసారి వర్తిస్తుంది, పది కంప్యూటర్లలో విడివిడిగా ఏమీ ఎక్కించక్కర్లేదు. పిల్లలకి తగనివి దాచే సెట్టింగులు రెండున్నాయి, గూగుల్‌లో సేఫ్‌సెర్చ్, యూట్యూబ్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్, రెండూ ఆన్ చేయండి. రెండోదాని వల్ల వీడియోల కింద కామెంట్లు కూడా కనపడవు, ఆ కామెంట్లే సగం చెత్త. పిల్లలకి అడ్మిన్ హక్కులు (సెట్టింగులు మార్చే అధికారం) లేని అకౌంట్ ఒకటి విడిగా తెరవండి. మీ సొంత జీమెయిల్‌తో ల్యాబ్ కంప్యూటర్‌లో లాగిన్ అయి అలా వదిలెయ్యకండి. నేను చూసిన ఒక బడిలో ప్రశ్నపత్రం అలాగే బయటికి పోయింది.

అయితే ఇదంతా కంచె మాత్రమే. పిల్ల చేతిలో సొంత డేటా ఉన్న ఫోనుంటే ఈ డీఎన్ఎస్ దాన్ని ఆపలేదు. తెలివైన కుర్రాళ్ళు నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ యాప్ వేసుకుని కంచె దాటేస్తారు. కాబట్టి "మేం బ్లాక్ చేశాం, ఇక ఏమీ కాదు" అని కమిటీకి మాటివ్వకండి.

ఒక పెద్ద బైండు పుస్తకం ల్యాబ్ తలుపు పక్కన పెట్టండి. పేరు, టైము, ఏం వెతికాను, ఏం దొరికింది అని నాలుగు గడులు. నిఘా కోసం కాదు. వెతికింది రాసుకోవాలంటే ఏం వెతకాలో ముందు ఆలోచించుకుంటారు. మొదటి నెల అందరూ "సైన్సు" అని రాసేవారు. మూడో నెలకి ఒక కుర్రాడు "వంశధార ఎక్కడ పుట్టింది, రెండు సైట్లలో రెండు రకాలుగా ఉంది, ఏది నమ్మాలి?" అని రాశాడు. ఆ రోజు పాఠం ఆపేసి మ్యాపు దించి క్లాసంతా దాని మీదే మాట్లాడుకున్నాం. నెట్ వాడటం నేర్పడమంటే నాకు తెలిసినంతవరకు అదే.

మన వైపు కరెంటు, సిగ్నల్ రెండూ నమ్మకం తక్కువ కదా. వానాకాలంలో నెట్ రోజుల తరబడి ఉండదు. కివిక్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వికీపీడియాను ఒకసారి దింపుకుంటే తర్వాత నెట్ లేకుండా చదువుకోవచ్చు, తెలుగుది, ఒడియాది రెండూ దొరుకుతాయి. కోలిబ్రి అని ఇంకొకటి, పాఠాల వీడియోలు, లెక్కలు పాత కంప్యూటర్‌లో పెట్టి మిగతా కంప్యూటర్లకి పంచుతుంది. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ దీక్ష యాప్‌లో తెలుగు, ఒడియా పాఠాలు రెండూ ఉన్నాయి. ఆరు, ఏడు తరగతులకి ఈ ఆఫ్‌లైన్ సరుకే చాలు, నెట్ ఎనిమిది నుంచి మొదలుపెట్టండి. ఎంతసేపు అంటే, 2020లో కేంద్ర విద్యాశాఖ ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి దాకా రోజుకి 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండుకి మించొద్దన్నాయి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగుకి మించొద్దన్నాయి. ల్యాబ్‌కి దాన్నే పై హద్దుగా పెట్టుకోండి. నా లెక్కలో వారానికి రెండు పీరియడ్లు సరిపోతాయి.

ఇప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి. పట్నం వాళ్ళు రాసే సలహాల్లో "తల్లిదండ్రులు పిల్లల ఫోనును గమనించాలి" అని ఉంటుంది. మన పిల్లల్లో ఎంతమందికి తల్లిదండ్రులు ఇంట్లో ఉన్నారు? తండ్రి సూరత్‌లోనో, చెన్నైలోనో ఉంటాడు. ఇంట్లో నాయనమ్మ. ఆవిడ ఫోనులో రీచార్జి చేసేది, ఓటీపీ చదివేది, కొడుకు పంపిన డబ్బు వచ్చిందో లేదో చూసి చెప్పేది ఈ పన్నెండేళ్ళ పిల్లే. ఆ ఇంట్లో ఫోనుకి పెద్ద ఆ పిల్లే. ఆమెను గమనించేవాళ్ళు లేరు, అందుకే మనం ఆమెకి నేర్పాలి.

మెట్రిక్ పరీక్షల ముందు పదో తరగతి కుర్రాడొకడు "ప్రశ్నపత్రం ముందే ఇస్తాం" అన్న ఛానల్ ఏదో నమ్మాడు. మొదట ఐదు వందలు, తర్వాత "పాస్‌వర్డ్ కోసం" అని ఇంకో వెయ్యి, నాయనమ్మ అకౌంట్ నుంచి పంపాడు. అది ముసలావిడ పింఛను డబ్బు. వచ్చింది తేదీ మార్చిన పాత పేపరు. నాలుగు రోజులు తిండి మానేసి తిరిగాక వాడి స్నేహితుడు చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించాం, కానీ డబ్బు తిరిగి రాలేదు. 1930 నంబరు మొదటి గంటల్లో చేస్తేనే బాగా పనిచేస్తుంది, డబ్బు అవతలి వాడు తీసేలోపు ఆపగలిగితేనే. ఆ నాలుగు రోజుల భయమే వాణ్ణి ముంచింది.

అప్పటి నుంచి ఏటా జూలైలో ఒక పీరియడ్ దీనికే పెట్టాను. డబ్బు పంపడానికి యూపీఐ పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు పోతుంది, రాదు. (డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 చట్టం నిషేధించింది, మీరు ఇదీ చేర్చండి.) బోర్డు మీద రాసి, ఇంటికి వెళ్ళి నాయనమ్మకి చెప్పి, ఆవిడ ఏమందో మర్నాడు వచ్చి చెప్పమనేవాణ్ణి.

చెప్పుకోవడానికి ఒక మనిషి అని పైన అన్నాను కదా, అది ఇలా పెట్టండి. ఒక మేడం, ఒక సార్, ఇద్దరి పేర్లూ అసెంబ్లీలో చెప్పండి. పిల్లలు ఎవరి దగ్గర చనువుగా ఉంటారో వాళ్ళనే ఎంచండి, సీనియారిటీ చూడకండి. తనంతట తాను వచ్చి చెప్పిన పిల్లకి శిక్ష ఉండదని రూల్లోనే రాయండి, కమిటీ చేత సంతకం పెట్టించండి. పిల్ల వస్తే మొదటి మాట "ఎందుకు చేశావు" అని ఉండకూడదు. "చెప్పి మంచి పని చేశావు" అనాలి. ఈ రెండు వాక్యాలూ మా స్టాఫ్ చేత నిజంగా పలికించి ప్రాక్టీసు చేయించాను.

పిల్ల నగ్న ఫోటోలు, బెదిరింపులు ఉన్న కేసు అయితే జాగ్రత్త. సాక్ష్యం కోసమని ఆ ఫోటో మీ ఫోనులోకి పంపించుకోకండి, ఇంకో టీచరుకి పంపకండి. ఐటీ చట్టం 67బి కింద అలాంటి బొమ్మలు పంపడం, దింపుకోవడం నేరం, మన ఉద్దేశం మంచిదైనా అలాంటి బొమ్మ మన ఫోనులోకి రానివ్వకూడదు. అకౌంట్ పేరు, లింకు, తేదీ కాగితం మీద రాసుకోండి, పిల్ల ఫోనులో ఏదీ చెరపనివ్వకండి. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, దాచితే మనదే నేరం. "ఊళ్ళో పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అనే పెద్దలు తప్పకుండా వస్తారు, ఒప్పుకోకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేస్తే పిల్లకి తోడు నిలబడే మనుషులు దొరుకుతారు. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సదుపాయం ఉంది. పద్దెనిమిదేళ్ళలోపు ఉన్నప్పుడు తీసిన అలాంటి ఫోటోలను నెట్‌లోంచి తొలగించడానికే అది. ఫోటో ఎక్కడికీ పంపక్కర్లేదు, పిల్ల ఫోనులోనే దానికి వేలిముద్ర లాంటి ఒక గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే కంపెనీలకి వెళ్తుంది.

ఏఐ గురించి మీరు అడగలేదు గానీ కమిటీ వాళ్ళు అడుగుతారు. పిల్లలు వ్యాసాలు దాని చేతే రాయిస్తున్నారు, నిజమే. నేను పట్టుకునే ప్రయత్నం మానేసి ప్రశ్నలు మార్చాను. "నీటి పొదుపు గురించి రాయండి" అంటే యంత్రం రాసేస్తుంది. "మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, ఎప్పుడు ఎండిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయండి" అంటే పిల్ల లేచి వెళ్ళాల్సిందే. రాసింది నిలబడి రెండు నిమిషాలు నోటితో చెప్పమనండి.

చివరిగా రూల్స్ ఏ భాషలో రాయాలన్నది. మీ బడికి తెలుగు ఇళ్ళ పిల్లలు, ఒడియా ఇళ్ళ పిల్లలు, కొండ మీది సవర పిల్లలు అందరూ వస్తారు. పైనుంచి వచ్చిన సర్క్యులర్ భాష వాళ్ళ ఇళ్ళలో ఎవరికీ అర్థం కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ పర్లాకిమిడిలోనే మాష్టారుగా ఉండి, సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు. మనం అదే ఊళ్ళో ఉండి ఏడు వాక్యాలు మూడు భాషల్లో రాయలేమా? ఏడుకి మించొద్దు. సవర వాక్యాలు సవర పిల్లల చేతే పలికించండి, చదవడం రాని అమ్మలకి ఆ గొంతు రికార్డు చేసి వినిపించండి.

కమిటీ మీటింగ్ ల్యాబ్‌లోనే పెట్టండి. తాళం వెయ్యమన్న పెద్దమనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆయనకి కావలసింది ఏదైనా, ధాన్యం ధరో, రైలు టైమో, ఎనిమిదో తరగతి పిల్ల చేత వెతికించి చూపించండి. ఫోన్లు రానివ్వమన్న ఆయనకి ప్రశ్నపత్రం కోసం మోసపోయిన కుర్రాడి కథ చెప్పండి, పేరు లేకుండా.

రౌటర్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. అది ఇక్కడ రాస్తే డీఎన్ఎస్ ఏ పేజీలో మార్చాలో చెప్తాను. వైఫై పాస్‌వర్డ్ కూడా చాలాసార్లు ఆ స్టిక్కర్ మీదే ఉంటుంది, కాబట్టి ఫోటో తీసి పెట్టకండి, నంబరు మాత్రం టైపు చెయ్యండి.